ఇనుకాయ్ గారి భూతాలు

ఇనుకాయ్ గారికి పరిచయమైన ప్రతి మనిషీ ఏదో ఒకరోజు భూతమై తేలాల్సిందే. ఒసాకాలో మా కంపెనీ వీడియో గేములకు రూపకల్పన చేసేది ఆయనే. ఆటలో భూతం ఎదురుపడగానే తెరమీద దాని పేరు పడుతుంది. ఆ పేరు మాలో ఎవరిదో ఒకరిదై ఉండేది.

సంగీతం కూర్చే నేను కప్పనయ్యాను.

"ఏమండీ, కప్పకి హిరాత అని పెట్టారేం?"

"మంచి గొంతున్న కప్పండీ."

"రెండు దెబ్బలకే చస్తోంది!"

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "సరే, మూడు చేస్తాను."

మా పైఅధికారి మొరిషిగె గారు ఉప్పు చల్లితే కరిగిపోయే జలగయ్యారు. వారం రోజులు ఇనుకాయ్ గారి నమస్కారానికి బదులివ్వలేదు. గదులు ఊడ్చే ఒకునో అమ్మ మాత్రం దుమ్ము దయ్యమైనందుకు మురిసిపోయి, రోజూ ఓ అన్నం ముద్ద తెచ్చిచ్చి ఆరా తీసేది.

"నన్నెవరైనా గెలిచారా బాబూ?"

"ఇంకా లేదమ్మా."

"అదీ!"

ఆట చివర తయారుచేసినవాళ్ల పేర్లు వేయకూడదని కంపెనీ నియమం. వేస్తే పోటీవాళ్లు మమ్మల్ని ఎగరేసుకుపోతారని భయం. మాకూ అలవాటైపోయింది. ఒక ఏడాది కంపెనీ బొమ్మల పని బయటివాళ్లకి అప్పగించి, చిత్రకారిణి సెగావాని పొమ్మంది. ఆమె క్యోటోలో ఉద్యోగం అడగబోతే తోడుగా నేనూ వెళ్లాను.

"ఆ ఆటల్లో బొమ్మలన్నీ మీరే గీశారంటారు. రుజువేది? మీ పేరెక్కడా లేదే!" అన్నాడు అక్కడి పెద్దాయన.

సెగావా ముఖం పాలిపోయింది. ఆరేళ్లు గీసిన చెయ్యి ఎవరిదో చెప్పే కాగితం ముక్కైనా లేదు. ఉన్నట్టుండి లేచి, వెంట తెచ్చిన మా ఆటని అక్కడి టీవీకి తగిలించింది. అడవిలో ఓ సాలీడు ఎదురైంది. గుండ్రటి కళ్లద్దాలు, ఎనిమిది కాళ్లకీ ఎనిమిది కుంచెలు. పేరు సెగావా.

"ఈ ఒక్కటి మాత్రం నేను గీయలేదండీ, ఇనుకాయ్ గారు గీశారు. కాళ్లు చూడండి, ఎంత ఘోరంగా ఉన్నాయో!"

పెద్దాయన తెరనీ, ఆమె కళ్లద్దాలనీ మార్చి మార్చి చూశాడు. ఈలోగా కప్ప దూకింది.

"ఈ హిరాత..?"

"నేనేనండీ. మూడు దెబ్బలు."

ఆయన పకపకా నవ్వాడు. సెగావాకి ఉద్యోగం వచ్చింది.

తిరిగొచ్చి ఇనుకాయ్ గారిని నిలదీశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మనుషుల పేర్లు వేయొద్దన్నారు. భూతాల సంగతి ఎవరూ ఎత్తలేదు."

"మరి మీ పేరేదీ?"

ఆయనకు వినబడలేదట.

తర్వాతి ఆటలో ఆయనకు తెలియకుండా ఓ నత్తని పెట్టాం. పేరు ఇనుకాయ్. అనుమతి కాగితంమీద సంతకం జలగ గారిదే.

ఆట విడుదలకు ముందు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"నత్త ఒక్క దెబ్బకే చస్తోందండీ."

"ఎన్ని కావాలి?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"పది చేయండి. ఇంట్లో మా ఆవిడ ఆడుతుంది."