చీముకు తొవ్వ ఇచ్చిన డాక్టరమ్మ

కామారెడ్డి దవాఖానా డాక్టరమ్మ కన్నుమూశారని నిన్న పొద్దున మా మరిది వచ్చి చెప్పాడు. అతను చెబుతున్నంతసేపూ నా బిడ్డ అరుగు మీద గవ్వలాడుతోంది. దానికిప్పుడు నాలుగేళ్లు. ఆవిడ లేకుంటే రెండు నెలలు కూడా నిండేవి కావు.

జబ్బు చేసేనాటికి దానికి నలభై రోజులు. ముందు జలుబు చేసింది. రెండు రోజుల్లో ఎడమ కన్ను ఎర్రగా వాచి మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం మానేసింది. అత్తమ్మ దిష్టి తీసింది. కంట్లో ఆకు పసరు పోయబోతే నేనే అడ్డుపడ్డాను. ఎల్లారెడ్డిలో కంపౌండరు చూసి, "ఇది నాతోని కాదు. కామారెడ్డికి తీస్కపోండ్రి" అన్నాడు. ఎడ్లబండిలో దవాఖానా చేరేసరికి పొద్దు వాలింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని, వాటిని చంకల్లో పెట్టుకుని వెచ్చబరిచారు. పసిపిల్లలను తాకే ముందు ఎప్పుడూ అంతేనట. "నాకే జివ్వుమనే చేతులతోని బిడ్డనెట్ల ముడ్త?" అనేవారు. మెల్లగా రెప్ప ఎత్తారు. కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చింది, కదలడం లేదు.

"ఇది కండ్లకలక కాదు. కన్ను ఎనుక చీము పట్టింది. కోసి తియ్యాలె."

"కన్ను పోతదా డాక్టరమ్మా?" అని అడిగింది అత్తమ్మ.

"కన్ను జోలికి పోను అవ్వా. చీముకు తొవ్వ ఇస్త, గంతే. ఇడిచిపెడితే మెదడుకు ఎక్కుతది."

నేను తల ఊపాను. కనురెప్ప పక్కన చిన్న గాటు పెట్టి చీము తీశారు. చీము మళ్లీ పట్టకుండా ఆపే సల్ఫా బిళ్లలు పట్నం నుంచి కొత్తగా వచ్చి ఉన్నాయి. బిడ్డను తూచి, బిళ్ల నూరి, ఆ బరువుకు సరిపోయే పొడి నా పాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పోశారు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆవిడ అడిగింది ఒక్కటే: "పాలకు ఏడ్చిందా?"

మూడోనాడు తెల్లవారుతుండగా ఏడ్చింది. రొమ్ము అందిస్తే గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

"గిప్పుడు చెప్త బిడ్డా. గింత చిన్న పిల్లకు గీ మందు నేనెన్నడు ఇయ్యలే. నాకూ భయమే ఉండె."

ఆ భయం మాకు కనబడనివ్వనందుకే నేను ఆ మూడు రోజులు నిలబడగలిగాను.

మేం ఇంటికి బయలుదేరే రోజు ఆవిడ బిడ్డ ఎదుట నేల మీద కూర్చున్నారు. ఎర్ర రుమాలు తీసి కుడివైపుకు జరిపారు, ఎడమవైపుకు జరిపారు. రెండు కళ్లూ కలిసి దాని వెంట వెళ్లాయి. బయట రోగులు వరుసగా కూర్చున్నారు, దవాఖానా కంపౌండరు రెండుసార్లు పిలిచాడు. ఆవిడ వినిపించుకోలేదు. నవ్వుతూ ఆ రుమాలును మళ్లీ మళ్లీ, నెమ్మదిగా, అటూ ఇటూ జరుపుతూనే ఉన్నారు.