కనపడని దెబ్బ

మొన్న కొత్తపేట బ్యాంకులో పింఛను కోసం కూర్చున్నప్పుడు, వరసలో ఉన్న ఒక అమ్మాయిని చూపించి నా పక్కావిడ, శుభ్రంగా నడుస్తోంది, శుభ్రంగా మాట్లాడుతోంది, ఈ పిల్లకి వికలాంగుల పింఛనేమిటో అని గొణిగింది. ఈ వయసులో ఒకరికి నచ్చచెప్పే ఓపిక లేక ఊరుకున్నాను గాని, ఇంటికొచ్చాక కూడా మా బాబాయి నా కళ్ళముందు నుంచి కదల్లేదు.

మా నాన్నగారి తమ్ముడు. యుద్ధం ముగిసిన మరుసటేడు ఆయన పటాలం నుంచి తిరిగివచ్చేనాటికి నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయని నాయనమ్మ దిష్టి తీసి మురిసిపోయింది. బర్మా అడవుల్లో పక్కనే బాంబు పేలినప్పుడు లోపల ఏది చెదిరిందో గాని, వంగితే ఆయనకి భూమి గిర్రున తిరిగేది, చెవుల్లో ఎప్పుడూ ఈల మోగుతూనే ఉండేది. అందుకు సర్కారువారు చిన్న పింఛనిచ్చారు. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సర్కారు సొమ్మంటే మూటలకొద్దీ వచ్చిపడుతుందనుకునేవారు. నిజానికి అది ఇల్లు గడవడానికి చాలక పిన్ని ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది. బాబాయి వంగే పని లేకుండా ఎత్తరుగు మీద పొయ్యి వేయించుకుని వంట చేసేవాడు. మగవాడి చేతిలో గరిటె చూసి నవ్వుకోవడానికి ఊరికి అంతకన్నా ఏం కావాలి?

ఒక కోతల కాలంలో, కళ్ళంలో అందరిముందూ మా నాన్నగారి మేనమామ, "పింఛను తినేవాడికి నడుమెలా వంగుతుందిరా?" అన్నారు. ఎవరేమన్నా బదులు చెప్పని బాబాయికి ఆ రోజేమనిపించిందో, చేలోకి దిగి వరిమోపు నెత్తికెత్తుకుని, కాలవకి అడ్డంగా వేసిన తాటిదుంగ మీద అడుగుపెట్టాడు. పిన్ని వద్దు వద్దంటూ పరుగెత్తింది. సగం దాటాక ఆగి, తూలి, మోపుతో సహా నీళ్ళలో పడ్డాడు. పైకి లాగినవాళ్ళూ, గట్టు మీంచి చూసినవాళ్ళూ అనుకున్న మాట ఒక్కటే: కావాలనే పడ్డాడని.

ఆ సాయంత్రం మా అమ్మ శొంఠికాఫీ పట్టుకెళితే, బాబాయి గోడకి జారబడి మెల్లగా అన్నాడు.

"ఒక కాలు తీసేసి పంపినా బాగుండేదండీ వదినగారూ. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు."

అమ్మ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేసింది.

ఆ తరవాత పిన్నే ఒక ఉపాయం చేసింది. పింఛను కోసం తాలూకా కచేరీలో కనపడడానికి పడవ మీద అమలాపురం వెళ్ళేటప్పుడు, ఊరు దాటాక ఆయన తలకి పాతచీర పేలికతో కట్టు కట్టేది. అది చూడగానే పడవవాడు చెయ్యందించేవాడు, జనం జరిగి చోటిచ్చేవారు. కింద గాయం లేని కట్టు కదా, బాబాయి దారి పొడుగునా తల దించుకునే కూర్చునేవాడట. పిన్ని మాత్రం సిగ్గుపడడం ఎప్పుడో మానేసింది.

నా పెళ్ళయిన ఏడాదికే ఆయన పోయాడు. ఇప్పుడు పడవలు లేవు, ప్రతి కాలవకీ వంతెన ఉంది, మనవళ్ళ ఈడు డాక్టర్లు ఇలాంటి జబ్బుల పేర్లు తడుముకోకుండా చెప్పి మాత్రలు రాసిస్తున్నారు. ఆ పేరేదో అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాబాయి నలుగురిలోకి వచ్చి కూర్చునేవాడేమో. మా ఊరు ఆ జబ్బుకి పెట్టిన పేరు బద్ధకం. ఆయన పోయాక కూడా చాన్నాళ్ళు ఆయన్ని ఆ పేరుతోనే తలుచుకున్నారు.