ఎండబెట్టిన నవల

పలాసలోని మా ఇంటి నుంచి నేను పాత పుస్తకాలు ఫోన్లో అమ్ముతాను. ప్రతి పుస్తకానికీ ఫొటోతో పాటు అది ఎలా ఉందో రాయాలి. రాసినదానికీ చేతికందినదానికీ తేడా ఉంటే కొన్నవాళ్లు మళ్లీ రారు. ఆ భయంతో ఒక్కో పుస్తకాన్నీ పదే పదే తిరగేస్తాను.

ఒక పాత నవలకు "చాలా బాగుంది" అని రాశాను. హైదరాబాద్‌లో పాత పుస్తకాలు పోగుచేసే ఒకాయన తీసుకుంటానన్నారు. అంత పెద్ద బేరం నాకు అదే మొదలు. మర్నాడు పాపకు స్నానం చేయించి వచ్చేసరికి ఆ నవల డాబా మీద, జీడిపిక్కల పక్కన ఎండుతోంది. అట్ట దోనెలా వంగిపోయింది.

"చెమ్మ వాసనొత్తంటే ఎండలో ఏసినానమ్మా. పిక్కలకి పనికొచ్చిన ఎండ పుస్తకానికి పనికిరాదేటి?" అంది మా అత్త.

ఏడుపొచ్చింది. బరువు పెట్టి అట్టను అణిచి పంపేస్తే ఆయనకు వెంటనే తెలియదు. అయినా ఆ వంపును పక్క నుంచి ఫొటో తీసి, "చాలా బాగుంది" తీసేసి, "ఫరవాలేదు, అట్ట వంగింది" అని పంపాను. పాపకు అన్నం పెడుతున్నంతసేపూ నా చూపు ఫోన్ మీదే.

"ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు నాకు దొరకడం లేదు. ఇది పంపండి. మీ దగ్గరున్న పాత నవలలన్నీ నాకే ఇవ్వండి" అని జవాబొచ్చింది.

పాపను ఎత్తుకుని గదంతా గిరగిరా తిరిగాను. అత్తకు చదివి వినిపించాను.

"సూసినావా, నానెండబెట్టబట్టే కదేటి అన్నీ అమ్ముడైపోనాయి!" అంది.

ఆ సంతోషంలో అదీ ఒప్పేసుకున్నాను.