నాయన మైనం చేయి

మా నాయనను మైనపు బొమ్మల మ్యూజియానికి తీసుకుపోయింది బొమ్మలు చూపించడానికి కాదు. ముడుచుకున్న ఆయన మూతిని ఇంట్లో చూడలేక. ఆ ఎండాకాలానికి ఆయన మగ్గం గుంతలో కాలు పెట్టక నాలుగు నెలలైంది.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. నాయన పదేళ్ల వయసులో మగ్గం ముందు కూర్చున్నాడు, ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను నేయను. వీధి మొదట్లో ఒక చిన్న గదిలో చీరలకు ఫాల్ కుడతాను, కొంగులకు కుచ్చులు వేస్తాను. ఏ చీర నా చేతికి వచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తాను. నేసేటప్పుడు పోగు తెగితే ముడి వేస్తారు కదా, ఆ ముడి దగ్గర మిగిలిన కొసలు చిన్న కత్తెరతో కత్తిరించేస్తాను. నాయన నేసిన చీరల్లో మాత్రం నా కత్తెరకు పని ఉండేది కాదు. ఆయన వేసిన ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఇన్నేళ్లలో ఆయన నేసిన చీర ఒక్కటి కూడా నేను కట్టలేదు. నేసినవన్నీ అంగళ్లకే పోయేవి. నా పెళ్లికి కూడా ఎవరో నేసిన చీర కొన్నాం. ఎందుకో నిరుడు ఆయనకే అనిపించింది. "నీకొకటి నేస్తానుమ్మా" అని నేరేడుపండు రంగుకు ఆవపువ్వు రంగు అంచు పెట్టి పడుగు ఎక్కించాడు. నేను గాల్లో తేలిపోయాను. రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ మగ్గం దగ్గరికి పోయి ఎంత నేశాడో చూసి వచ్చేదాన్ని.

మూడు వంతులు అయిపోయి, రెండు మూరల చీర ఒళ్లు, కొంగు మిగిలి ఉండగా ఆయన కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు బిగుసుకుపోయాయి. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె తాడు లాగగలడు. పడిన పోగును దగ్గరికి బిగించే పలక కొట్టగలడు. పోగు తెగితే మాత్రం ముడి వేయలేడు. మా వైపు ఎండలకు గాలి పొడిబారి పట్టుపోగు ఊరికే తెగుతుంది. ముడి వేయలేని వాడు మగ్గం ముందు కూర్చుని ఏం చేయాలి?

పక్క వీధిలో మంచి నేతగాడు ఉన్నాడు, వారం రోజుల్లో ముగించేస్తాడని చెప్పాను. నాయన ససేమిరా అన్నాడు.

"చెయ్యి మారితే దెబ్బ మారతాదిమ్మా. గుడ్డలో గీత తేలతాది. నువ్వు కట్టుకొని పోతాంటే ఇద్దరు మనుషులు పోతాండట్ల ఉంటాది."

"ఎవురికి కనపడతాది నాయనా?"

"నాకు కనపడతాది."

నాకు ముక్కు మీద కోపం. "అయితే దాన్ని మగ్గం మీదనే చీకిపోనీ" అనేశాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆసుపత్రికి పోదాం రమ్మంటే, "మాత్ర మింగితే ముడి పడతాదా?" అని అడిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం ఇద్దరినీ రమ్మని పిలిచి, సినిమా వాళ్లనూ క్రికెట్ వాళ్లనూ అచ్చు గుద్దినట్టు మైనంతో చేసి పెట్టిన చోటుకు టికెట్లు తీసింది. నాయన అడిగింది ఒక్కటే.

"ఆడ కూచునేదానికి చోటుండాదా?"

ఉంది. ఏసీ కూడా ఉంది. మా ఊరి ఎండలోంచి పోయిన నాకు ఆ చల్లదనానికే టికెట్ డబ్బులు చెల్లిపోయాయి అనిపించింది. జనం బొమ్మల భుజాల మీద చేతులు వేసి, బుగ్గకు బుగ్గ ఆనించి ఫోటోలు దిగుతున్నారు. నేనూ తక్కువ తినలేదు. చిన్నప్పుడు క్యాలెండర్‌లో చూసి మురిసిపోయిన ఒక హీరో పక్కన నిలబడి కొంగు సర్దుకున్నాను. మా కూతురు పగలబడి నవ్వింది. "అమ్మా, ఆయప్పను చూసి నువ్వు సిగ్గుపడతాండావా?" అంది.

నాయన మాత్రం ఒక్క బొమ్మ మొహం కూడా చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ వంచుకుని, ఒక్కొక్క బొమ్మ చేతులు చూసుకుంటూ నడిచాడు. హాలు చివరిదాకా పోయి తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మొగాలు ఎవురివి వాళ్లకు పెట్టినారు గానీ, చేతులు మాత్రం అందరికీ ఒకే మాదిరి పెట్టినారు. ఒక్కటీ పని చేసిన చెయ్యి లేదు."

నేను వెనక్కి పోయి చూశాను. నిజమే. బ్యాటు పట్టుకున్న చేయి, మైకు పట్టుకున్న చేయి, దండం పెట్టే చేయి, అన్నీ ఇడ్లీల్లాగా మెత్తగా, ఒక్క కాయ లేకుండా ఉన్నాయి.

బయటికి వచ్చే దారిలో ఒక బల్ల, దాని మీద పొగలు రాని వేడి మైనం తొట్టి. మన చేయి అందులో ముంచితే అచ్చు తీసి ఇస్తారు. తొట్టి దగ్గర నా వయసు ఆవిడ కూర్చుని ఉంది. గిరాకీ లేదు. మా కూతురు తాతను ముందుకు తోసింది. నాకు కూడా ఒక్కసారిగా ఆశ పుట్టింది. నాయన పోతే, ఫోటోలో మొహం ఉంటుంది. చేయి ఎక్కడ ఉంటుంది? నేనే ఆయన చొక్కా చేతిని మోచేతి దాకా మడిచాను.

రెండు వేళ్లు పైకి చూపమని, పిడికిలి బిగించమని గోడ మీద రకరకాల పటాలు ఉన్నాయి. నాయన వాటిని చూసి, "అది ఎట్లుంటే అట్లనే" అన్నాడు. ఆవిడ ఆయన చేతిని చన్నీళ్లలో ముంచింది, తర్వాత మైనంలో, మళ్లీ నీళ్లలో, మళ్లీ మైనంలో. "బిసి ఇదెయా అజ్జా?" అని అడిగింది. కాలడం లేదు, హాయిగా ఉందని నాయన కూడా కన్నడంలోనే చెప్పాడు. మా వైపు అందరికీ ఆ మాత్రం వచ్చు.

తొడుగు మందం అయ్యాక ఆవిడ నెమ్మదిగా దాన్ని లాగింది. అచ్చం మా నాయన చేయి! కణుపుల దగ్గర ఉబ్బు, తాడు ఒరిసిన చోట కాయ, అన్నీ ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి వచ్చి, కలవకుండా, వాటి మధ్య శనగగింజ పట్టేంత సందు మిగిలింది. రంగు వేయనా అంటే వద్దన్నాను. తెల్లగానే ఇమ్మన్నాను. కళ్లు మసకబారి నేను ఆ మైనం చేతినే చూస్తూ ఉండిపోయాను.

"ఇంగొకసారి ముంచనీమ్మా" అన్నాడు నాయన.

"ఒకటి చాల్లే నాయనా, రెండు ఏం చేసుకుంటాం?"

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడకు ఏం అర్థమైందో గానీ తొట్టి ఆయన వైపు జరిపింది. నాయన కళ్లు మూసుకుని, చాలాసేపు చేయి అందులో పెట్టుకుని నిలబడ్డాడు.

తిరుగు రైల్లో కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. మైనం చేయి ఎక్కడ కరిగిపోతుందో అని తడిగుడ్డ చుట్టి పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాను. నాయన ఎదురు సీట్లో తువ్వాలు అంచుతో ఏదో ఆడుకుంటున్నాడు. బెంగళూరు దాటకముందే చూద్దును కదా, ఆ తువ్వాలు అంచు పోగులన్నీ వరసగా ముడులు పడి ఉన్నాయి. చిన్న చిన్న నేత ముడులు.

"నాయనా! ఎట్లేసినావు?"

"ఆ వేడికి చేతి ఏళ్లు సడలినాయి. అందుకే ఇంగొకసారి అంటి. నువ్వు నా మాట ఇంటివా?"

నాకు సిగ్గేసింది. ఆయన చేయి ఎదురుగా కదులుతుంటే నేను బొమ్మను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

ఆ వారమే ఆయన తనంతట తాను సర్కారు ఆసుపత్రికి వచ్చాడు. అక్కడ కీళ్లకు వ్యాయామం చేయించే డాక్టరమ్మ విని నవ్వింది. "మేమూ మైనంతోనే చేస్తాం పెద్దాయనా" అని, ఇంట్లో ఎలా చేయాలో చెప్పింది. మైనం కరిగించి కొంచెం నూనె కలపాలి. పైన మీగడలాగా పొర కట్టేదాకా ఆగాలి. అంతకుముందు ముంచితే చేయి కాలుతుంది. పదిసార్లు ముంచి, కవరు చుట్టి, పైన తువ్వాలు కప్పాలి. అలా చేస్తే వేళ్లు ముప్పావుగంట సేపు మాట వినేవి. తర్వాత మళ్లీ బిగుసుకునేవి. ఆ ముప్పావుగంటలో నాలుగు వేళ్ల పొడుగు నేస్తే ఆ రోజు నాయన ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

మైనం చేయి మాత్రం నాదే. ఎండకు వంగిపోతుందని ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన నిలబెట్టాను. పక్కింటి వదిన చర్చిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఒకరోజు తోడు పెరుగు కోసం వచ్చి ఫ్రిజ్ తెరిచి, "ప్రభువా!" అని పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. సంగతి తెలిశాక ఆమే, ప్రార్థన అయ్యాక మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరి, కవరులో వేసి వారం వారం తెచ్చి ఇచ్చేది. అంగడి కొవ్వొత్తులు పెళుసుగా రాలిపోయేవి. ఈ ముక్కలు మాత్రం నాయన చేతికి బాగా పట్టేవి.

ఒళ్లు అయిపోయింది. కొంగు మొదలైంది. ఇంకో జానెడు ఉందనగా చర్చిలో కరెంటు కొవ్వొత్తులు పెట్టారు. ముక్కలు ఆగిపోయాయి. ముంచినప్పుడల్లా కొంత పోతుంది కదా, గిన్నెలో మైనం తగ్గి తగ్గి వేళ్లు కూడా మునగడం లేదు. సోమవారం అనంతపురం పోయి తెస్తానని చెప్పాను. ఆ రోజు శుక్రవారం.

"సోమవారం దాకా ఈ ఏళ్లు ఎట్లుంటాయో" అన్నాడు నాయన. ఒక్కరోజు ముంచకపోతే రెండు రోజుల బిగువు. అది నాకూ తెలుసు. అయినా మూడు రోజులకే కొంపలు మునగవులే అని నా కొట్టుకు పోయాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. పెరుగు గిన్నె పక్కన ఖాళీ. వంటింట్లో సన్నటి మంట మీద గిన్నె. అందులో మైనం చేయి మణికట్టు నుంచి అరచేతి దాకా కరిగిపోయి, వేళ్లు మాత్రం ఇంకా పైకి తేలి ఉన్నాయి. నాయన పీట వేసుకుని, చొక్కా చేయి మడుచుకుని కాచుకుని ఉన్నాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. "నీకేమైనా బుద్ధుండాదా? నన్నొక మాట అడిగినావా?" అని అరిచాను. అరుస్తూనే ఏడుపొచ్చేసింది. "నువ్వు పోతే నాకింకేం మిగలతాది నాయనా?"

నాయన కోప్పడలేదు. గిన్నె పక్కన తన కుడిచేయి చాపాడు.

"నేను ఈడనే ఉండాను గదమ్మా. ఆ చెయ్యి ముడి ఎయ్యలేదు. ఇది ఏస్తాది. ఏది కావాలో నువ్వే చెప్పు."

అప్పుడైనా తీయొచ్చు. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు, వాటి మధ్య శనగగింజంత సందు, అంతా ఇంకా అలాగే ఉంది. గంటెతో పైకి తీసి నీళ్లలో వేస్తే చాలు, గట్టిపడుతుంది. నేను గంటె తీసుకున్నాను. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా నేనే కిందికి నొక్కాను.

మంట ఆర్పి, పైన మీగడ కట్టేదాకా ఇద్దరం గిన్నె ముందే కూర్చున్నాం. ఆ రోజు మైనం ఆయన మణికట్టు దాకా వచ్చింది.

జానెడు కొంగు నాలుగు రోజులు పట్టింది. మంగళవారం చీర మగ్గం మీద నుంచి కోసి నా ఒళ్లో వేశాడు. కొట్టుకు తీసుకుపోయి, అలవాటు ప్రకారం వెనక్కి తిప్పాను. మూడు వంతుల దాకా ఎప్పటిలాగే ఒక్క ముడి కూడా కనపడలేదు. అక్కడి నుంచి ఒకటీ అరా మొదలై, కొంగు చివరి జానెడులో వేలికి తగిలేటన్ని ఉన్నాయి. వంకర ముడులు, పొడుగు కొసలు. ఎక్కడా గీత మాత్రం లేదు. కత్తెర తీసి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి దాన్ని డబ్బాలో వేసి, ఫాల్ మాత్రం కుట్టాను.

చీర కట్టుకుని వచ్చి నాయన ముందు నిలబడ్డాను. ఆయన మెడ వంచి కొంగు అందుకుని, తిరగేసి చూశాడు.

"ఈ కొసలు కత్తిరించకపోతివే?"

"మరిచిపోయినా నాయనా" అన్నాను.