అంచుకి అంచు

మా వదిన పెళ్లికి ముందు కళ్లజోళ్లకు అద్దాలు బిగించేది. ఇప్పుడు మా ముందుగదిలో కూర్చుని స్కేట్‌బోర్డులు బిగిస్తుంది. సోఫా నిండా చక్రాలే. కూర్చోబోయే ముందు తడిమి చూసుకోవాలి. నాకు ఒళ్లు మండేది.

ఇదేమంత పెద్ద పనా అని, ఆ ఉక్రోషంతోనే నా బోర్డు నేనే బిగించుకున్నాను. వెడల్పాటి పలక, దానికి పొట్టి ఇరుసులు, దొరికినవాటిలోకెల్లా పెద్ద చక్రాలు. ఎక్కి కాస్త పక్కకు ఒరిగానో లేదో, చక్రం పలకకు రాసుకుని టక్కున ఆగిపోయింది. నేను ఆగలేదు. నన్ను చెప్పుల అల్మరా ఆపింది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావు కదే!" అని వదిన నవ్వుతూనే స్పానర్ అందుకుంది.

అన్నీ ఊడదీసింది. అందరూ వాడే మామూలు సామానే ఏరింది. ఇరుసు కొస పలక అంచుతో కలిసిందో లేదో ఒక కన్ను మూసి చూసింది. పలకకు తగలనంత చిన్న చక్రాలు తొడిగింది.

"ఇంతేనా?" అన్నాను పెదవి విరుస్తూ.

"ముందు ఎక్కు."

ఎక్కాను. వదిన చూపుడువేలితో నా వీపును తాకింది, అంతే. కదిలింది నేను కాదు, గది. సోఫా, కిటికీ, అల్మరా చప్పుడు లేకుండా వెనక్కి జరిగిపోయాయి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఎదురుగోడ దగ్గర మెల్లగా ఆగి, వెనక్కి తిరిగాను. వదిన తన వేలి వంకే చూసుకుంటోంది.

"ప్రతిసారీ ఇంతేనే," అంది చిన్నగా. "నాకూ నమ్మబుద్ధి కాదు."