వాపస్ వచ్చిన రఫ్ షీట్లు

లాక్‌డౌన్‌లన్నీ అయిపోయి మళ్ళా క్లాసులు తెరిచిన మొదటి ఎండకాలం, ఆబిడ్స్‌ల మా కోచింగ్ సెంటర్‌ల నన్ను ల్యాబ్ ఇన్‌చార్జిగ ఏసిన్రు. అంతకుముందు ఐదేండ్లు కింది అంతస్తుల రిసెప్షన్‌లనే కూసున్న. ఇప్పుడు ఆ నౌకరి లేదు, మెదక్‌ల మిషన్ కుట్టుకుంటున్న. ముప్పై ఏండ్లకే రిటైరైనవా అని మా వదిన నవ్వుతది. నవ్వనీ. ఆరేండ్లు చేసిన పని గురించి చెప్పనీకి తలకాయ నెరవాల్నా ఏంది?

మాది ఎంబీఏ ఎంట్రన్స్ కోచింగ్. పరీక్ష కంప్యూటర్ మీదుంటది. రెండు వందల ప్రశ్నలు, రెండున్నర గంటలు. అందుకని ప్రతి శనివారం మా దగ్గర అసలు పరీక్ష తీరుగనే గ్రాండ్ టెస్ట్ పెట్టేటోళ్ళు. ఇన్‌చార్జి పనికి పెద్ద చదువేం అక్కర్లే, నాది ఇంటరే. లిస్టుల పేరున్నోళ్ళనే లోపలికి ఇడవాలె. ఫోన్లు బయట పెట్టియ్యాలె. మనిషికి మూడు రఫ్ షీట్లు, సెంటర్ ముద్ర కొట్టి, సిస్టం నంబరేసి ఇయ్యాలె. టెస్ట్ అయినంక మూడుకు మూడు వాపస్ తీస్కోవాలె. ఒక్కటి తక్కువున్నా రిజిస్టర్‌ల ఎర్ర పెన్నుతోని రాయాలె. వాపస్ వచ్చినవి చింపి, చింపినట్టు సంతకం పెట్టాలె.

గింత కట్టుదిట్టం ఎందుకంటే, మా ప్రశ్నలు బయట అమ్ముడుపోతుండె. ఒక్క పేపర్‌నే అన్ని బ్యాచులకు తిప్పుతరు కాబట్టి పాత ప్రశ్నలకు గూడ గిరాకీ. నాంపల్లి దిక్కు జిరాక్స్ షాపుల బుక్కు లెక్క కుట్టి అమ్ముతున్నరని పిల్లలే చెప్పిన్రు.

"ఎస్తేరూ, లోపలోళ్ళే ఎవరో ఉన్నరమ్మా. కండ్లు తెరుచుకొని కూసో" అన్నరు డైరెక్టర్ సార్.

గప్పటిసంది నాకు అందరి మీద అనుమానమే. నీళ్ళ బాటిల్ తెచ్చుకుంటే లేబుల్ ఇప్పి చూసిన. ఎవరన్న దగ్గితే ఎవరి దిక్కు మర్రి దగ్గిండో చూసిన.

గా బ్యాచ్‌ల మంజుల అని ఒక పిల్ల ఉండె. నల్గొండ దిక్కు ఊరు, పట్నంల హాస్టల్‌ల ఉంటది. రెండోసారి రాస్తుంది. పోయినేడు ర్యాంకు ఎంత ఎనకకొచ్చిందంటే, కౌన్సెలింగ్‌కు పోయి ఉత్త చేతులతోని వచ్చింది. "ఈసారి రాకుంటే ఇగ రాయనక్కా, మా నాయనకు మాటిచ్చిన" అని చేరిన రోజే చెప్పింది. దాని దగ్గర కంప్యూటర్ లేదు. టెస్ట్ రాయాలంటే మా ల్యాబే దిక్కు.

మొదటి టెస్టుల అరవై ఎనిమిది వచ్చినయ్. ఐదో టెస్టుకు నూట పద్నాలుగు.

"గింత జల్ది పెరగదు, ఏదో మతలబుంది" అన్నరు సార్. నేను రిజిస్టర్ తీసిన. మూడు శనివారాల సంది దాని పేరు పక్కన ఎర్ర గీతే. మూడు షీట్లిస్తే రెండే వాపస్.

ఆరో శనివారం గూడ గంతే. నేను అడగలే. అడిగితే హుషారై జాగ్రత్తపడతది గదా! ల్యాబ్‌కు తాళమేసి ఎంబడి పోయిన. ఆబిడ్స్ సర్కిల్ దాటి నాంపల్లి స్టేషన్ దిక్కు మర్రింది. ఒక్కపారి ఎనకకు చూసేసరికి నేను చెప్పుల బండి కాడ ఆగిన.

"ఏ నంబరు మేడం?"

"జర ఆగు భయ్యా."

"ఆగితే కాలు పెరుగుతదా?" అన్నడు వాడు.

మంజుల సీదా ఒక జిరాక్స్ షాపులకు పోయి కౌంటర్ ఎనక కూసుంది. ఇగ నాకేం కావాలె? దొంగ దొరికిందనుకున్న. గాడ్నించే సార్‌కు ఫోన్ కొట్టిన. "లిస్టుల పేరు తీసెయ్" అన్నరు. తీసేసిన. పరీక్షకు రెండు వారాలే ఉండె.

మళ్ళా శనివారం మంజుల టెస్టుకు వచ్చింది.

"నా పేరు లేదేందక్కా?"

"నా షీట్లు యాడున్నయో చెప్పు, నీ పేరు సంగతి తర్వాత."

సంచిలకెల్లి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముంగట పెట్టింది. షీట్లన్నీ అందుల అతికిచ్చి ఉన్నయ్. ప్రశ్న ఒక్కటి లేదు. ఉత్త నంబర్లు, పక్కన నిమిషాలు, ఒక్కో మాట. పదిహేడు, నాలుగు నిమిషాలు, మొండికేసిన. ముప్పై రెండు, వచ్చు, తొందరవడ్డ. నలభై, ఇడ్సిపెట్టాల్సింది.

"పోయినేడు లెక్కల కాడనే గంటన్నర కూసున్ననక్కా. ఆఖరి యాభై ప్రశ్నలు కంటితోని గూడ చూడలే. యాడ టైం పోతుందో రాసుకుంటున్న."

"అడిగి తీస్కోవచ్చు గదా?"

"అడిగితే ఇస్తుంటివా?"

ఇయ్యకపోతుంటి. "మరి జిరాక్స్ షాపుల నీకేం పని?" అన్న.

"నౌకరి. హాస్టల్ కిరాయి మీరు కడతరా?"

"గాడ మా ప్రశ్నలు అమ్ముతలేరా?"

"ఔ, అమ్ముతున్నరు. మీ ముద్రున్న షీట్లే సంచిల వస్తయ్. మా సేటు పాత కాయితాలు కొనే రద్దీ దుకాణంల కొంటడు. పిల్లలు ప్రశ్నలు దించుకొని చేస్తరు గదా, గవి ఏరి టైప్ చేపిస్తడు."

చింపే మిషన్ నేను రాకముందే పాడైంది. చేతులతోని ఎవరు చింపాలె అని, వారం వారం పాత పేపర్లల్ల కలిపి గన్‌ఫౌండ్రీ కాడ రద్దీ ఆయనకు ఏసేది నేనే. చింపినట్టు సంతకాలు గూడ నావే.

"తెలిసి నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే సేటు తీసేస్తడు. మీరేమో నన్నే దొంగంటరు. ఇప్పుడన్లే?"

అయినా నా బుద్ధి పోలే. "గా ప్రశ్నలు నువ్వు చూడలేదని ఎట్ల నమ్మాలె?" అన్న.

"చూసి ఏం జేస్తక్కా? గ్రాండ్ టెస్టుల ఫస్టొస్తే మీరిస్తరా సీటు?"

సిస్టం చూపిచ్చి, మూడు షీట్లిచ్చి కూసోబెట్టిన. రిజిస్టర్ తీసి నా పేరు కింద ఎర్ర పెన్నుతోని రాసిన. వాపస్ వచ్చిన షీట్లు చింపలే, రద్దీకేసిన అని. తీస్కపోయి సార్ టేబుల్ మీద పెట్టి, మంజుల నోట్‌బుక్ సంగతి గూడ చెప్పిన.

సార్ రెండుసార్లు చదివిన్రు. "ఆ పిల్ల పేరు ఎక్కియ్యి. నువ్వు పరీక్షలయ్యేదాక ఉండు" అన్నరు. తర్వాత ఉండొద్దని అర్థం.

మంజులకు యూనివర్సిటీ కాలేజీల సీటొచ్చింది. వేరే పిల్లలు చెప్తే తెలిసింది, అది నాకు ఫోన్ చేయలే. చేయాల్సిన పని గూడ లేదు.

ల్యాబ్‌ల కూసునేటోళ్ళకు నేను చెప్పేది గిదే. తక్కువైన షీటు పక్కన ఒకరి పేరుంటది. పిలిచి అడిగితే ఐదు నిమిషాల పని. వాపస్ వచ్చిన షీటును ఎవరూ అడగరు. ముందుగాల దాన్ని చింపాలె, తర్వాత సంతకం పెట్టాలె.