ఉత్తరం గోలు ముందు నీళ్ళు

మా మామయ్య టిబుర్సియో ముప్ఫై ఒక్క ఏళ్ళు సాన్ పెద్రో సులా స్టేడియంలో గడ్డి పెంచాడు. కోయడం, తడపడం, సున్నంతో గీతలు గీయడం అందరికీ కనిపించే పని. మోకాళ్ళ మీద కూర్చుని, నేలలో వేలు గుచ్చి వాసన చూసి, ఇక్కడ రేపు నీళ్ళొద్దని తేల్చుకోవడం ఎవరికీ కనిపించదు. ఏడో తరగతిలో బడి మానేసి ఆయన వెంట పనికి వెళ్ళాను కాబట్టి నాకు కనిపించింది.

ఆయన నోరున్న మనిషి కాదు. పాటకచేరీ కోసం గడ్డి మీదికి లారీలు ఎక్కించినా "సరే సార్" అన్నాడు. లారీలు వెళ్ళాక ఇరవై రోజులు వంగి చక్రాల గాడులు పూడ్చాడు. "నీ నోట్లో కూడా గడ్డే మొలిచిందా?" అని మా అత్తయ్య ఎద్దేవా చేసేది.

ఉత్తరం వైపు గోలు ముందు, నేల కింద నీళ్ళు లాగే గొట్టం ఒక తుఫానులో పగిలింది. స్టేడియం మేనేజరు ఒరెయానాకి మామయ్య ఆ సంగతి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ "చూద్దాం" అన్నాడు. ఆయన చూడలేదు.

ప్రపంచకప్పు అర్హత పోటీల్లో ఆ ఏడాది మా దేశం ఉన్న గ్రూపులో నాలుగు జట్లు. మొదటి స్థానం వచ్చినవాళ్ళే ముందుకు వెళ్తారు. ఆఖరి ఆట మా ఊళ్ళోనే, కోస్టారికాతో. వాళ్ళకి డ్రా చాలు, మాకు మాత్రం గెలుపే కావాలి. ఆ వారమంతా ఊళ్ళో వేరే మాట లేదు. మా వీధిలో బలెయాదాలు కాల్చే ఆవిడ, పెనం మీద రొట్టె మాడుతున్నా పట్టించుకోకుండా, ఎవరిని ముందు ఆడించాలో చెబుతూ ఉండేది.

ఆట రోజు పొద్దున ఒరెయానా వచ్చాడు. మెరిసే బూట్లు పాడవకుండా గీత అవతలే నిలబడ్డాడు.

"టిబుర్సియో, నీళ్ళు వదులు. నేల బురద కావాలి. వాళ్ళు చిన్న చిన్న పాసులతో పరిగెత్తుతారు. బురదలో పరిగెత్తమను చూద్దాం."

"సార్, ఉత్తరం గోలు దగ్గర నీళ్ళు దిగవు. గొట్టం..."

"మళ్ళీ ఆ గొట్టం గోలేనా! నీకు జీతం గడ్డికా, సలహాలకా?"

"కొండ మీద మబ్బుంది సార్. సాయంత్రం వానొస్తే..."

"వాన సంగతి నేను చూసుకుంటా. నువ్వు తిప్పు."

మామయ్య నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "సరే సార్" అని పంపు చక్రం తిప్పాడు.

వాన నాలుగింటికి వచ్చింది, ఆట మొదలయ్యేదాకా కురిసింది. రెండో సగంలో మావాళ్ళు ఉత్తరం గోలు మీదికి ఆడాలి. ఇంకా పన్నెండు నిమిషాల ఆట ఉందనగా మా కుర్రాడొకడు గోలుకీపర్ని తప్పించి బంతిని తోశాడు. ఎదురుగా గోలు ఖాళీ. జనమంతా లేచారు. బంతి గీతకి మూరెడు దూరంలో నీళ్ళలో పడి, గిర్రున తిరిగి, అక్కడే తేలింది. కోస్టారికా వాడొకడు పరిగెత్తుకొచ్చి దాన్ని బయటికి తన్నేశాడు. ఆట సున్నా సున్నాతో ముగిసింది. వాళ్ళు ముందుకు వెళ్ళారు, మేం మిగిలిపోయాం.

మర్నాడు పొద్దున రేడియోలో ఒరెయానా గొంతు వినిపించింది. "పనివాడు పంపు కట్టకుండా నిద్రపోయాడు. చర్య తీసుకుంటాం."

మామయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. "నిద్రపోయానా?" అని అడిగాడు, రేడియోనే.

మధ్యాహ్నం ఆఫీసుకి పిలిపించారు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. "సంతకం పెట్టు. పెడితే బేస్‌బాల్ గ్రౌండుకి మారుస్తాం, పని ఉంటుంది. పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు ఒరెయానా.

మామయ్యకి పేరు రాయడం వచ్చు, చదవడం రాదు. నేను చదివాను. "నా అజాగ్రత్త వల్ల..." దగ్గర ఆపేశాను.

"ఆపకే. మొత్తం చదువు" అన్నాడు మామయ్య.

చివరిదాకా విని, "నీళ్ళు నేనే వదిలాను సార్. అది నిజం. వదలమన్నది ఎవరో కూడా కింద రాయించండి. రెండూ ఉంటే ఇప్పుడే పెడతాను" అన్నాడు.

"నేనెప్పుడన్నాను? సాక్షి ఉందా?"

"ఇదిగో, ఈ పిల్ల."

ఒరెయానా నవ్వాడు. "ఇదా? దీనికి నోరుందని ఇప్పుడే వింటున్నా."

"మీరు గీత అవతల నిలబడి నీళ్ళు వదలమన్నారు. వాన సంగతి నేను చూసుకుంటానన్నారు" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలీదు.

ఆయన నవ్వు ఆగింది. "ఇద్దరూ బయటికి నడవండి."

గుమ్మం దగ్గర మామయ్య వెనక్కి తిరిగాడు. "ముప్ఫై ఒక్క ఏళ్ళు నీకూ, నీ ముందువాళ్ళకీ సరే అన్నాను. నా తప్పు అదొక్కటే. దానికి కాగితం రాయించు, సంతకం పెడతా." ఆయన ఒరెయానాని 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదటిసారి.

పని పోయింది. గడ్డి కోతకి కొత్తవాణ్ణి పెట్టారు. పగిలిన గొట్టాన్ని మాత్రం ఇప్పటికీ ఎవరూ ముట్టుకోలేదు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఊరు ఊరుకుంటుందా? మామయ్యకి 'నీటిగుంట' అని పేరు పెట్టింది. బస్సెక్కితే, "జరగండ్రా, నీటిగుంట వస్తోంది, బట్టలు తడుస్తాయి!" అంటారు. వెనకటి మామయ్యయితే తలొంచుకునేవాడు. ఇప్పుడు అన్నవాడి చొక్కా చెయ్యి పట్టుకుంటాడు. "ఇలా రా నాయనా. ముందు గొట్టం సంగతి విను" అని తుఫాను దగ్గర మొదలుపెడతాడు. దిగాల్సిన చోటు దాటిపోయినా వదలడు. తిట్టడు, కొట్టడు, చెబుతాడంతే. అత్తయ్య తల పట్టుకుంటోంది: "ఒక్క మాట మాట్లాడమని ఇన్నేళ్ళు ఏడ్చాను. ఇప్పుడు ఆపమని ఏడుస్తున్నాను."

పోయిన శనివారం సంతలో జట్టు చొక్కా వేసుకున్న ఒకడు అరిచాడు. "ఏయ్ నీటిగుంటా! మా గోలు ఎక్కడ ముంచావు?"

మామయ్య మొక్కజొన్నల బస్తా భుజం మీంచి దించాడు. నేరుగా వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ జనం మూగారు.

"ఆ రోజు పొద్దున ఒరెయానా వచ్చాడు. ఒ-రె-యా-నా. పేరు గుర్తుపెట్టుకో."

"వదులు ముసలాయనా, నాకు పనుంది."

"నాకూ ఉండేది" అన్నాడు మామయ్య. "కూర్చో."